దీపం కింద చీకటి తొలగాలి

ఎండలు ముదిరాయంటే మన పల్లెల్లో రెండే మాటలు వినిపిస్తాయి. బోరులో నీళ్లెన్ని, తీగలో కరెంటెంత? మొదటిది వానదేవుడి దయ. రెండోదానికి మాత్రం జవాబు చెప్పవలసినవారు మనుషులే. ఆ జవాబు అడగడానికి అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాల రైతులకు ఉన్నంత హక్కు రాష్ట్రంలో మరే జిల్లా రైతుకూ లేదంటే అతిశయోక్తి కాదు.

ఎందుకంటే ఈ నేల ఇప్పుడు కరెంటు పండే నేల. రామగిరి కొండల మీద గాలిమరలు తిరగడం మొదలై దాదాపు మూడు దశాబ్దాలైంది. ఉరవకొండ, వజ్రకరూరు ప్రాంతాల్లో వేరుశనగ చేల మధ్య మరలు నిలిచాయి. నంబులపూలకుంటలో 1500 మెగావాట్ల లక్ష్యంతో తలపెట్టిన సోలార్ పార్కులో తొలి 250 మెగావాట్లు 2016లో మొదలయ్యాయి. తాడిపత్రి దగ్గర తలారిచెరువులో మరో పార్కు వెలిసింది. ఈ కరెంటును మోసుకుపోవడానికి ఉరవకొండలో, నంబులపూలకుంటలో 400 కె.వి. సబ్‌స్టేషన్లు కట్టారు. గుత్తిలో, హిందూపురంలో కూడా ఆ స్థాయి సబ్‌స్టేషన్లు ఉన్నాయి. పొలాల మీదుగా ఉక్కు టవర్లు బారులు తీరాయి.

ఇంత కరెంటు తలమీదుగా పోతుంటే, ఫీడరు చివరన ఉన్న రైతు మోటారు మాత్రం మూలుగుతోంది. వోల్టేజి చాలక స్టార్టరు పట్టదు. పట్టినా నీళ్లు పైకి రావు. పట్టుదలకు పోయి నడిపితే వైండింగు కాలి మోటారు పైకి తీయవలసి వస్తుంది. దీపం కింద చీకటి అన్న సామెత ఇంతకంటే బాగా ఎక్కడా నప్పదు.

తయారీ ఒక్కటే చాలదు

కరెంటు కొరత అనగానే కొత్త విద్యుత్కేంద్రం పెట్టాలనడం మనకు అలవాటు. నాయకులు శంకుస్థాపన చేసేదీ వాటికే, పత్రికల్లో బొమ్మలు పడేదీ వాటికే. కానీ కళ్లంలో ధాన్యం రాసులు పోసి, బండిబాట లేకపోతే రైతుకు ఏం లాభం? కరెంటుకు ఆ బాటే గ్రిడ్డు.

విద్యుత్కేంద్రంలో పుట్టిన కరెంటును ట్రాన్స్‌ఫార్మర్లతో 220, 400 లేదా 765 కె.వి. స్థాయికి పెంచి దూరం పంపుతారు. ఊళ్లకు దగ్గరవుతున్న కొద్దీ 132కు, 33కు, 11 కె.వి.కి దించుతారు. చివరికి మన పొలంగట్టున ఉన్న ట్రాన్స్‌ఫార్మరు దాన్ని 433 వోల్టులు చేసి మోటారుకు అందిస్తుంది. ఇంత ఎక్కించి దించడం దేనికంటే, వోల్టేజి రెట్టింపు చేస్తే అదే కరెంటుశక్తి సగం ప్రవాహంతో చేరుతుంది. తీగలో వేడెక్కి వృథా అయ్యేది నాలుగో వంతుకు తగ్గుతుంది. కాబట్టి పెద్ద లైన్లు ఎవరి ఆడంబరం కోసమో వేసినవి కావు. అవి లేకపోతే దూరపు కరెంటు దారిలోనే హరించుకుపోతుంది.

ఈ బాట ఇరుకైతే ఏమవుతుందో దేశం ఒకసారి చూసింది. 2012 జూలై 30న ఉత్తరాది గ్రిడ్డు కుప్పకూలింది. మర్నాడు ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు మూడూ పడిపోయాయి. దాదాపు 60 కోట్ల మంది చీకట్లో ఉండిపోయారు. రైళ్లు దారిలో నిలిచాయి. బినా-గ్వాలియర్ 400 కె.వి. లైను మీద మోయలేనంత బరువు పడి అది ట్రిప్ కావడంతో ఈ పతనం మొదలైంది. ఆ బరువు పక్క లైన్ల మీద పడింది, అవీ ఒకదాని వెంట ఒకటి తప్పుకున్నాయి. కాడెద్దుల్లో ఒకటి చతికిలబడితే బండి బరువంతా రెండోదాని మెడ మీద పడ్డట్టు అయింది.

అప్పుడు దక్షిణాది తప్పించుకుంది. మన గ్రిడ్డు ఉత్తరాదితో ఒకే తాళంలో కలిసి లేకపోవడమే దానికి కారణం. కానీ ఆ విడిగా ఉండటమే మనకు మరో విధంగా శాపమైంది. 2012, 2013 సంవత్సరాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పరిశ్రమలకు పవర్ హాలిడేలు ప్రకటించారు, పల్లెల్లో గంటల తరబడి కోతలు పెట్టారు. బయట కరెంటు దొరికినా తెచ్చుకోవడానికి చాలినంత దారి లేదు. 2013 డిసెంబరు 31న రాయచూరు-షోలాపూర్ 765 కె.వి. లైను ద్వారా దక్షిణాది గ్రిడ్డు మిగతా దేశంతో కలిసింది. ఆ తరువాత దేశమంతా ఒకే గ్రిడ్డు, ఒకే తాళం. కాశ్మీరు నుంచి కన్యాకుమారి దాకా సెకనుకు 50 ఆవృత్తుల లయలోనే కరెంటు నడవాలి. ఒకచోట తప్పటడుగు పడితే అందరూ తూలిపోయే ప్రమాదం ఉంది. ఒకచోట మిగిలితే అందరికీ పంచుకునే వీలూ ఉంది.

ఈ పంచుకోవడం మన జిల్లాలకు మరీ అవసరం. సూర్యుడు దిగిపోగానే సోలార్ పార్కు నిద్రపోతుంది. గాలిమరలు ఎక్కువగా తిరిగేది నైరుతి గాలులు వీచే నెలల్లోనే. పగలు ఇక్కడ మిగిలింది బయటికి పంపాలి, రాత్రి మనకు కావలసింది బయటినుంచి తెచ్చుకోవాలి. లైన్లలో చోటు లేకపోతే బంగారంలాంటి ఎండ ఉన్నా పార్కును తగ్గించి నడపవలసి వస్తుంది. పైగా సోలార్ పలకలు పరచడానికి ఏడాదో, ఏడాదిన్నరో చాలు. సర్వే, అటవీ అనుమతులు, పొలాల్లో పరిహారం తగాదాలు దాటుకుని పెద్ద లైను పూర్తి కావడానికి అంతకు రెండింతల కాలం పట్టడం మామూలైపోయింది. బిడ్డ పుట్టాక ఉయ్యాల కోసం చెట్టు నాటినట్టుంది మన ప్రణాళిక.

వాడకమేమో ఆగడం లేదు. 2024 మే 30న దేశంలో ఒక్క క్షణపు గరిష్ఠ డిమాండు 250 గిగావాట్లకు, అంటే రెండున్నర లక్షల మెగావాట్లకు చేరింది. మన వైపే చూసుకుంటే హంద్రీ-నీవా ఎత్తిపోతల మోటార్లు, తాగునీటి పథకాలు, పెనుకొండ దగ్గరి కార్ల కర్మాగారం, పట్టణాల్లో ఇంటింటికీ ఏసీలు అన్నీ ఒకే తీగకు వేలాడుతున్నాయి. 2030 నాటికి బొగ్గు, గ్యాసు కాని వనరుల నుంచి 500 గిగావాట్ల సామర్థ్యం సాధిస్తామని కేంద్రం లక్ష్యం పెట్టుకుంది. అందులో గాలి, ఎండ వాటాకు మన జిల్లాల మీద కన్ను పడక మానదు. అంటే ఇంకా లైన్లు వస్తాయి, ఇంకా టవర్లు లేస్తాయి.

చివరి ఆయకట్టు బాధ

కాలువ తల దగ్గర నీళ్లు పొర్లుతుంటాయి. చివరి ఆయకట్టుకు తడి అందదు. విద్యుత్ ఫీడరుదీ అదే తంతు. సబ్‌స్టేషన్ పక్కనున్న పొలంలో మోటారు గిర్రున తిరుగుతుంది. పది, పదిహేను కిలోమీటర్ల అవతల, పాతకాలపు సన్నని తీగ చివర ఉన్న పొలానికి వచ్చేసరికి వోల్టేజి నీరసించిపోతుంది. 415 ఉండవలసిన చోట 300 వోల్టులే వస్తే మోటారు బలం దాదాపు సగానికి పడిపోతుంది. పని మాత్రం అంతే ఉంటుంది కాబట్టి అది మరింత కరెంటు గుంజుతుంది, వేడెక్కుతుంది, చివరికి కాలిపోతుంది. రైతు వైండింగు షాపు ముందు పడిగాపులు పడేలోగా చీనీ చెట్టు పిందె రాల్చేస్తుంది.

దీనికి మరో కారణం భూమి లోపల ఉంది. నీటిమట్టం పడిపోతున్న కొద్దీ బోర్లు లోతుకు పోయాయి. అయిదు హార్స్‌పవర్ మోటారు తోడిన చోట ఇప్పుడు ఏడున్నర, పది హార్స్‌పవర్ కావలసి వస్తోంది. 63 కె.వి.ఎ. ట్రాన్స్‌ఫార్మరు అయిదు హార్స్‌పవర్ మోటార్లను సుమారు పన్నెండింటిని మోస్తుంది. అవే ఏడున్నర హార్స్‌పవర్ అయితే ఎనిమిదింటితోనే దాని నడుం వంగుతుంది. కొత్తగా ఒక్క కనెక్షనూ ఇవ్వకుండానే లోడు సగం పెరిగిపోయింది. పుస్తకంలో మాత్రం పాత లెక్కే ఉంటుంది. పాత లెక్కతో వేసిన తీగ కొత్త లోడును ఎలా మోస్తుంది?

2004లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్ వచ్చింది. అది రైతుకు దక్కిన మేలే, దాన్ని ఎవరూ కాదనరు. కానీ ఉచితమన్న మాట వెనుక నాణ్యత అన్న మాట మరుగున పడింది. బిల్లు లేనివాడికి ప్రశ్నించే హక్కు లేదన్నట్టు కొందరు సిబ్బంది మాట్లాడడం పల్లెల్లో కొత్త కాదు. ఇది సరికాదు. రైతు వాడే కరెంటుకు ప్రభుత్వం సబ్సిడీ రూపంలో డబ్బు కడుతోంది. ఆ డబ్బు ప్రజలదే. కాబట్టి పల్లె వినియోగదారు దానం పుచ్చుకునేవాడు కాడు.

నిబంధనలు కూడా అదే చెబుతున్నాయి. రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి 2004లో విధించిన సేవా ప్రమాణాల ప్రకారం ట్రాన్స్‌ఫార్మరు కాలిపోతే పట్టణంలో 24 గంటల్లో, పల్లెలో 48 గంటల్లో మార్చాలి. ఫ్యూజు పోతే పట్టణంలో 4 గంటలు, పల్లెలో 12 గంటలు గడువు. గడువు దాటితే పరిహారం అడగవచ్చు. ఈ సంగతి ఎంతమంది రైతులకు తెలుసు? ట్రాన్స్‌ఫార్మరును తామే ట్రాక్టరు మీద వేసుకుని మరమ్మతు కేంద్రానికి మోసుకుపోయే రైతులున్నంత కాలం, ఆ నిబంధనలు కాగితం మీద పులులే.

టవరు కింద రైతు

ఇక రెండో బాధ టవరుది. 400 కె.వి. లైను పోవాలంటే దాదాపు 46 మీటర్ల వెడల్పున దారి కావాలి. ఒక రైతు పొలంలో ఆ లైను 200 మీటర్లు సాగిందనుకుందాం. రెండెకరాల 27 సెంట్ల మీద తీగల నీడ పడినట్టే. భూమి పట్టా రైతు పేరునే ఉంటుంది. వేరుశనగ వేసుకోవచ్చు. కానీ ఆ నీడన ఇల్లు కట్టరాదు, మామిడి, కొబ్బరి పెంచరాదు, బోరు బండిని నిలబెట్టడం ప్రాణాలతో చెలగాటం. అమ్మబోతే కొనేవాడు ముందు టవరునే చూస్తాడు. పిల్ల పెళ్లికో, చదువుకో ఆ పొలాన్ని నమ్ముకున్న కుటుంబానికి ఇది చిన్న నష్టం కాదు.

ఇంత నష్టానికి ఏలుబడి చేస్తున్న చట్టం ఏ కాలం నాటిది? 1885 నాటి తంతి చట్టం. 2003 విద్యుత్ చట్టం ఆ తంతి అధికారాలనే లైన్లు వేసే సంస్థలకు దఖలు పరచే వీలు కల్పించింది. 2023లో కొత్త టెలికం చట్టం వచ్చినా, విద్యుత్ లైన్ల మట్టుకు పాత చట్టంలోని ఆ భాగాన్ని అలాగే ఉంచారు. దాని ప్రకారం రైతు ముందస్తు ఒప్పుదల అవసరం లేదు. అడ్డుకుంటే జిల్లా మేజిస్ట్రేటు అనుమతితో పని సాగించవచ్చు. అయితే అదే చట్టం, వీలైనంత తక్కువ నష్టం చేయాలని, జరిగిన నష్టానికి పూర్తి పరిహారం ఇవ్వాలని కూడా చెప్పింది. పరిహారం చాలదనుకుంటే రైతు జిల్లా జడ్జి దగ్గరకు వెళ్లవచ్చు. మొదటి సగం అందరికీ గుర్తుంటుంది. రెండో సగాన్ని రైతుకు చెప్పేవారే కరువు.

పరిహారం సంగతిలో కేంద్రం ఆలస్యంగానైనా కొంత కదిలింది. 2015 అక్టోబరులో కేంద్ర విద్యుత్ మంత్రిత్వ శాఖ ఇచ్చిన మార్గదర్శకాల్లో టవరు అడుగు స్థలానికి భూమి విలువలో 85 శాతం, తీగల కింది దారికి 15 శాతానికి మించకుండా ఇవ్వాలన్నారు. 2024 జూన్‌లో వాటిని సవరించి టవరు అడుగుకు 200 శాతం, దారికి 30 శాతం అన్నారు. మనం చెప్పుకున్న పొలంలో ఎకరా పది లక్షలనుకుంటే, దారి పరిహారం పాత లెక్కన సుమారు 3 లక్షల 41 వేలు, కొత్త లెక్కన 6 లక్షల 82 వేలు. పంట నష్టం దీనికి అదనం. తేడా ఎంతో చూడండి. ఇవి రాష్ట్రాలకు ఇచ్చిన మార్గదర్శకాలు. ఏ లైనుకు ఏ లెక్క వర్తిస్తుందో రాష్ట్ర ఉత్తర్వులు స్పష్టం చేయాలి. అది తేలక, రిజిస్ట్రేషన్ ఆఫీసు పుస్తకంలో ధర ఒకటి, ఊళ్లో నడిచే ధర మరొకటి అయినప్పుడే పొలంలో గొడవలు మొదలవుతాయి. పని ఆగుతుంది. లైను ఆలస్యమవుతుంది. ఆ ఆలస్యపు ఖర్చు తిరిగి మన బిల్లుల్లోనే తేలుతుంది.

ఏం చేయాలి?

లైన్లు వద్దనడం తెలివితక్కువ. ఆ లైన్లే లేకపోతే 2012 నాటి కోతలు మళ్లీ మన గుమ్మంలోకి వస్తాయి. కానీ పైన ఎంత వేగంగా పెంచుతున్నారో, కింద కూడా అంతే వేగంగా పెంచాలి. 400 కె.వి. లైను ప్రారంభించే రోజున, అది దాటిపోయే మండలాల్లో 33/11 కె.వి. సబ్‌స్టేషన్లకు అదనపు ట్రాన్స్‌ఫార్మరు, పొడవాటి ఫీడర్ల విభజన, సన్నతీగల మార్పిడి కూడా పూర్తయి ఉండాలి. ఇది దయ కాదు, బేరంలో రైతు వాటా.

పంపిణీ లైన్లు బాగుచేయడానికి డబ్బు లేదనడం చెల్లదు. 2021లో కేంద్రం ఇందుకోసమే 3,03,758 కోట్ల రూపాయల అంచనాతో పథకం ప్రకటించింది, అందులో తన సాయం 97,631 కోట్లన్నది. మన జిల్లాలకు ఆ పద్దు కింద ఎంత వచ్చింది, ఏ ఫీడరుకు ఖర్చయింది, ఏది మిగిలింది అన్నది మండలాల వారీగా ప్రకటించాలి. శాసనసభ్యులు ఈ లెక్క అడగాలి.

రెండోది, కొత్త దారి కోసం కొత్త పొలంలో అడుగు పెట్టే ముందు ఉన్న దారిని పూర్తిగా వాడుకోవాలి. పాత టవర్ల మీదనే ఎక్కువ వేడిని తట్టుకునే కొత్తరకం తీగలు మారిస్తే దాదాపు రెట్టింపు కరెంటు పంపవచ్చు. ఒకే టవరు మీద రెండు, నాలుగు సర్క్యూట్లు వేయవచ్చు. ఖర్చు కొంత ఎక్కువైనా రైతు నేల మిగులుతుంది. ఈ అవకాశం పరిశీలించామో లేదో ప్రతి కొత్త లైనుకూ సంస్థ చెప్పి తీరాలి.

మూడోది, కరెంటు పండే ఊళ్లో కొంతైనా అక్కడే వాడాలి. 2019లో వచ్చిన పి.ఎం. కుసుమ్ పథకంలో పల్లె సబ్‌స్టేషన్ల పక్కనే చిన్న సోలార్ కేంద్రాలు పెట్టి, వ్యవసాయ ఫీడర్లకు పగటిపూట ఇచ్చే పద్ధతి ఉంది. తీగ చివరి వోల్టేజి దీనితో నిలదొక్కుకుంటుంది. దూరాన్నుంచి మోసుకువచ్చే భారమూ తగ్గుతుంది. బీడుపడ్డ మెట్ట భూములు, ఏడాదిలో మూడువందల రోజులు కాసే ఎండ ఉన్న జిల్లాల్లో ఇది ఆలస్యం కావడానికి కారణం కనిపించదు.

నాలుగోది, సర్వే గుర్రాళ్లు పాతకముందే గ్రామసభ పెట్టాలి. లైను ఏ సర్వే నంబర్ల మీదుగా పోతుంది, పరిహారం ఏ లెక్కన, ఎప్పుడు, ఎవరి ఖాతాలో అన్నది సచివాలయం గోడకు అంటించాలి. కౌలు రైతు పంట నష్టం పట్టాదారు ఖాతాలో పడి మాయం కాకూడదు. పునాది, టవరు, తీగలాగుడు అని మూడు దఫాలు పొలం తొక్కితే మూడు దఫాలూ నష్టం కట్టాలి.

మన వంతు

ప్రభుత్వాన్ని అడిగినంత గట్టిగా మనల్ని మనం కూడా అడుక్కోవాలి. అనుమతి లేని మోటారు పక్క రైతు వోల్టేజిని మింగేస్తుంది. ఆటో స్టార్టర్ల సంగతి అందరికీ తెలిసిందే. కరెంటు రాగానే ఊళ్లోని మోటార్లన్నీ ఒక్కసారిగా లేచేసరికి ట్రాన్స్‌ఫార్మరు దిమ్మతిరిగి పడిపోతుంది. అది కాలితే నష్టపోయేది ఆ గట్టు మీది పది కుటుంబాలే. ఆ స్టార్టర్లు తీసేసి వంతులవారీగా మోటార్లు వేసుకుంటే, కొన్ని వందల రూపాయల కెపాసిటర్ బిగించుకుంటే, వోల్టేజి మన చేతుల్లోనే కొంత మెరుగుపడుతుంది. పెంచిన హార్స్‌పవర్‌ను దాచకుండా నమోదు చేయించుకోవాలి. లెక్కలో లేని లోడుకు కొత్త ట్రాన్స్‌ఫార్మరు మంజూరు కాదు. దాచిపెట్టిన రోగానికి మందు లేదు. అదే సమయంలో నమోదుకు వచ్చిన రైతుపై జరిమానాల కత్తి దూయకుండా అధికారులు సావకాశం ఇవ్వాలి.

ఫిర్యాదు నోటిమాటగా చెప్పి ఊరుకోకూడదు. 1912 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు సంఖ్య రాసుకోవాలి. తీరకపోతే వినియోగదారుల పరిష్కార వేదికకు కాగితం పెట్టాలి. పదిమంది రైతులు కలిసి ఒక నెలపాటు రోజూ వోల్టేజి రాసి సంతకాలు చేసిన కాగితానికి ఉండే బలం, రోడ్డు మీద గంటసేపు చేసే రాస్తారోకోకు లేదు.

ఈ జిల్లాల రైతులు వానకు నోచుకోక ఎండను భరించారు. ఆ ఎండే ఇవాళ దేశానికి సంపద అయింది. ఆ గాలే కరెంటు అయింది. తమ పొలాన్ని దాటి పోయే తీగకు దారి ఇచ్చిన రైతు, మూడు ఫేజులూ సమంగా ఉన్న తొమ్మిది గంటల కరెంటును, నేలకు తగిన ధరను అడుగుతున్నాడు. ఇది గొంతెమ్మ కోరిక కాదు. వచ్చే వేసవికి ముందే ఏ మండలంలో ఏ ఫీడరు బాగుపడుతుందో తేదీలతో సహా పాలకులు ప్రకటించాలి. ఆ తేదీలను ఊరూరా రాసిపెట్టుకుని, గడువు దాటిన నాడు నిలదీయడం మన పని.